హీరో చెడిపోయింది ఏ భాగంలో?

ముందే చెప్పేస్తాను. నేను కొంచెం పెంచి చెప్తాను. ఈ "కొంచెం" అనడం కూడా తగ్గించి చెప్పడమే. నేను "వాన వస్తోంది" అంటే మా ఆవిడ కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి చూసుకుని, అప్పుడు ఆరేసిన బట్టల దగ్గరికి వెళ్తుంది. కాబట్టి ఇందులో దోమలు, బజ్జీలు, జనం లెక్క వచ్చిన చోట మీకు తోచినంత కోసేసుకోండి. మనుషుల్ని మాత్రం కొయ్యకండి. వాళ్ళు ఉన్నది ఉన్నట్టే ఉన్నారు. పూర్తిగా కల్పించింది ఒక్కటుంది. అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

మా మావయ్య, అంటే మా అమ్మకి అన్నయ్య, కాలువ మీద లస్కరుగా చేసేవాడు. భీమవరం చుట్టుపక్కల వాళ్ళకి లస్కరంటే ఎవరో చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి చెప్తాను. కాలువలోంచి పొలాల్లోకి నీళ్ళు వదలడానికి తూములుంటాయి. వాటికి ఇనప తలుపులుంటాయి. ఆ తలుపులు ఎత్తడం, దించడం లస్కరు ఉద్యోగం. సార్వాలో, అంటే వానాకాలం పంటకి, ఆయన్ని ఎవరూ పట్టించుకోరు. దాళ్వా పంటకి మాత్రం, ఎండలు ముదిరి కాలువ మోకాలి లోతుకి దిగిపోయినప్పుడు, జిల్లాలో ఎవరెంత పెద్దవాళ్ళయినా లస్కరు తర్వాతే. నీళ్ళు తక్కువ కాబట్టి వంతులు పెడతారు. ఈ తూముకి మూడు రోజులు, ఆ తూముకి మూడు రోజులు. ఎవరి వంతు వాళ్ళది.

మావయ్య సైకిలు వెనక తలుపు తిప్పే ఇనప పిడి కట్టి ఉండేది. దాని బరువు ఈనిన గేదెంత. ఆ పిడి ఆయన చేతిలో ఉండగా వంతు గంట ముందుకి జరిగింది లేదు, వెనక్కి జరిగింది లేదు. మా వైపు వరి పొలాలు ఒక్కొక్కటే చేపల చెరువులైపోతున్న రోజులవి. చెరువుల వాళ్ళకి నీళ్ళ దాహం ఎప్పుడూ తీరదు. ఒకాయన చిన్న సాయం కోరి, బుట్టలో ఇంతెత్తు బొచ్చె చేపని పెట్టి పంపాడు. మావయ్య దాన్ని సైకిలు మీద తీసుకెళ్ళి, ఊపిరి పోకముందే ఆయన చెరువులోనే వేసి వచ్చాడు. ఆ చేప తర్వాత చాలాకాలం బతికిందనీ, మావయ్య గట్టు మీద వెళ్తుంటే తల పైకెత్తేదనీ విన్నాను. విన్నానంటే, నేను చెప్తుంటే విన్నాను.

మా నాన్న బడిపంతులు. మాకున్న రెండెకరాల సాగు మా అమ్మే చూసుకునేది. అది శివారు భూమి, అంటే కాలువ చిట్టచివర. నీళ్ళు మా దాకా వచ్చేసరికి ముసలివై, కర్ర పట్టుకుని నడిచి వచ్చేవి. ఒక ఏడు దాళ్వాలో చేను పొట్ట మీద, అంటే కంకి వేసే ముందు, ఉండగా నేల నెర్రెలిచ్చింది. మా వంతుకి ఇంకా రెండు రోజులుంది. మా అమ్మ పొద్దున్నే తూము దగ్గరికి బయలుదేరింది. నేనూ వెంట వెళ్ళాను. అక్కడ రైతులు ముప్ఫైమంది దాకా ఉన్నారు. సరే, పన్నెండు మంది.

"అన్నయ్యా, ఒక్క పూట ముందు వదలడానికి వీలవుతుందా? చేను వంక చూడలేకపోతున్నాను" అంది అమ్మ.

"మీ వంతు ఎల్లుండి కదమ్మా."

"ఎల్లుండని నాకూ తెలుసు. వీలవుతుందేమోనని అడిగాను. లేదంటే లేదని చెప్పు, వెళ్ళిపోతాను."

లేదని ఊరుకుంటే ఈ కథే లేదు. మావయ్య మా అమ్మ వైపు నుంచి జనం వైపు తిరిగాడు. పిడి భుజం మీదికెత్తుకున్నాడు. గొంతు పెంచి, "తూము దగ్గర లస్కరుకి చెల్లెళ్ళుండరు" అన్నాడు.

రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక పెద్దాయన, "నిప్పండీ బాబూ, ఈయన నిప్పు" అన్నాడు. ఇంకొకాయన కండువా దులిపి మళ్ళీ వేసుకున్నాడు. ఆ మాట సాయంత్రానికల్లా శివారు దాకా పాకింది. నీళ్ళు మాత్రం ఎల్లుండే వచ్చాయి.

చేను కొంత పోయింది, చాలావరకు దక్కింది. మా అమ్మ దెబ్బలాడలేదు, ఏడవలేదు. మావయ్యతో మాట్లాడ్డం మానేసింది, అంతే. పెళ్ళిళ్ళలో ఎదురుపడ్డా పక్కవాళ్ళతో చెప్పేది: "లస్కరు గారికి చారు కావాలేమో కనుక్కోండి." "లస్కరు గారి కింద పీట జరిగింది, చెప్పండి." మావయ్య వినపడనట్టు తింటూండేవాడు. అలా ఐదేళ్ళు. ఈ ఐదేళ్ళని నేను పెంచలేదు.

మావయ్యకి అది లోపల ఎంత గుచ్చుకుంటోందో మా అత్తయ్యకీ నాకూ తెలుసు. నేను అప్పట్లో భీమవరంలో రొయ్యల మేత అమ్మే కంపెనీలో పనిచేసేవాణ్ణి. నేను కనిపిస్తే చాలు, కాలువలో నీటిమట్టం అడిగినట్టు, ఎటో చూస్తూ అడిగేవాడు: "మీ అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయిరా?"

"మీరే వచ్చి అడగొచ్చు కదా మావయ్యా."

"నేను తప్పు చేస్తే కదరా వచ్చేది. వంతు వంతే."

అత్తయ్య లోపల్నుంచి అనేది: "ఈయన ఒప్పుకోరు, ఆవిడ వదలదు. ఇటునుంచి జంతికలు, అటునుంచి కజ్జికాయలు మొయ్యలేక నా చేతులు అరిగిపోతున్నాయి. ఏదో ఒక రోజు రెండు డబ్బాలూ కాలువలో పారేస్తాను."

గొడవ జరిగిన మరుసటేడు ఆ సినిమా వచ్చింది. పరదేశపు సినిమాకి తెలుగు డబ్బింగ్. మొత్తం మూడు భాగాలని పోస్టరు మీదే వేశారు. ఎక్కడో కొండల దేశం. ఒక మహానది, దానికి ఏడు రాతి ద్వారాలు. వాటిని ఎత్తి దించే కాపలాదారు మన హీరో. మా రైతులు మొదటాట చూసొచ్చి మావయ్యతో చెప్పారు: "మీ మీద సినిమా తీశారండీ."

మావయ్య సినిమాలకి వెళ్ళే మనిషి కాదు. ఆయన చూసిన ఆఖరి సినిమాలో మనుషుల కంటే దేవుళ్ళే ఎక్కువమంది ఉన్నారు. అలాంటివాడు మ్యాట్నీకి నా మోపెడ్ వెనకెక్కాడు. ఆ హాలు పక్కనే ఐసు ఫ్యాక్టరీ. అమ్మోనియా వాసనకి కళ్ళు మండి, ఏడుపు సీను లేకుండానే జనం ఏడుస్తూండేవారు. దోమలు టిక్కెట్టు లేకుండా వచ్చి బాల్కనీలో కూర్చునేవి.

మొదటి భాగంలో కరువొస్తుంది. రాజు మనుషులు బంగారం తెస్తారు, హీరో తన్నేస్తాడు. తర్వాత అతని సొంత ఊరివాళ్ళే వస్తారు. తనని ఎత్తుకుని పెంచిన ముసలాయన, బిందెలతో ఆడవాళ్ళు. ఒక్క ద్వారం ఒక్క జానెడు ఎత్తమని బతిమాలతారు. హీరో మెట్టెక్కి నిలబడి, ద్వారం దగ్గర తనకి ఎవరూ లేరంటాడు. ఆ డబ్బింగ్ మాటలు రాసినాయన ఎప్పుడో మా కాలువ గట్టు మీద నడిచి వెళ్ళాడని నాకు ఇప్పటికీ అనుమానం. హాల్లో మా వైపు రైతులంతా తెర వదిలేసి మావయ్య వైపు తిరిగారు. ఆ ఈలలకి పైకప్పు రేకులు రెండు లేచి మళ్ళీ కూర్చున్నాయి. మావయ్య పంచె సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు. ఐదేళ్ళలో ఆయన మొహం అంత వెలిగింది అప్పుడే.

ఆ సినిమా ఆయన పదకొండు సార్లు చూశాడు. అత్తయ్య మూడే అంటుంది. ఆమెకి తెలియకుండా వెళ్ళినవి నేను కలిపాను.

మధ్యలో రెండో భాగం వచ్చింది. యుద్ధం. శత్రువులు ద్వారాలు పగలగొట్టబోతే హీరో ఒంటిచేత్తో కాపాడి ఆ దేశానికి పెద్దవుతాడు. ఏడు తాళాలు మెళ్ళో వేసుకుంటాడు. మావయ్య అదీ చూశాడు. "వాడు మనవాడురా" అన్నాడు ఇంటర్వెల్లో, మిరపకాయ బజ్జీ తింటూ. ఆ హాలు బజ్జీ ఒక్కటి తింటే రెండు పూటలు వంట అక్కర్లేదు.

మూడో భాగంలో మనవాడు రాక్షసుడైపోయాడు.

నదినిండా నీళ్ళున్నాయి. కరువు లేదు. అయినా ద్వారాలు దించేశాడు. జనం వచ్చి కాళ్ళ మీద పడతారు. ఎందుకు దించావని ఒక పిల్లతల్లి అడిగితే, అడిగావు కాబట్టి ఇంకో నెల ఎత్తనంటాడు. కింద ఊళ్ళు ఎండిపోతుంటే పైన కోటలో కూర్చుని, అడగడానికి వచ్చినవాళ్ళ వరస ఎంత పొడవుందో చూసుకుంటూంటాడు. హాల్లో ఒక్క ఈల లేదు. ఐసు ఫ్యాక్టరీ మోటారు చప్పుడు వినపడుతోంది. మా వైపు రైతు ఒకాయన చెప్పులు చేత్తో పట్టుకుని లేచి, తెర మీదికి విసరాలో మానాలో తేల్చుకోలేక మళ్ళీ కూర్చున్నాడు.

ఆట వదిలాక బజ్జీల బండి దగ్గర పంచాయితీ మొదలైంది.

"నమ్మేలా లేదండీ" అన్నాడు ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు. "రెండు భాగాలు దేవుడిలా చూపించారు. మూడోదాంట్లో పది నిమిషాల్లో ఎలా చెడిపోతాడు? మధ్యలో ఏదో జరగాలి కదా. పెళ్ళాన్ని ఎవరో చంపాలి, లేకపోతే మందు పెట్టాలి."

"మధ్యలో రీలు కోసేసుంటారు" అన్నాడు రైతు.

హాలు మేనేజరు అక్కడే టీ తాగుతున్నాడు. "అందరూ నన్నే అంటారేంటండీ. నేను కోసింది ఒక్క పాట. పాట తీసేస్తే రాక్షసుడైపోతాడా మనిషి?"

"మంచి పాటైతే అవుతాడేమోనండి" అన్నాడు బజ్జీలాయన.

నేనూ కుర్రాడి పక్షమే. నాకు సినిమాల మీద అభిప్రాయాలు కోటి ఉండేవి. మంచివాడు చెడ్డవాడవడం అంటే పిండి పులిసినట్టు జరగాలి, వీళ్ళు నేరుగా అట్టు పోసేశారు అని ఉపన్యాసం మొదలుపెట్టాను. మావయ్య బజ్జీ ముట్టుకోలేదు. "పద" అన్నాడు. కాలువ గట్టు దగ్గర దిగి, నేను మోపెడ్ తిప్పకముందే అన్నాడు: "ఆ మొదటి భాగం మళ్ళీ చూడాలిరా."

"అది తీసేసి మూడేళ్ళయింది మావయ్యా. సీడీలు దొరుకుతాయేమో."

మరుసటి ఆదివారం పొద్దున్నే భీమవరంలో నా గదికి వచ్చేశాడు. నేను సీడీ ప్లేయరు అద్దెకి తెచ్చాను. ఆ డిస్కు మీద ఎన్ని గీతలున్నాయంటే, దాన్ని దున్ని వదిలేశారనుకోవాలి. హీరో నడుస్తూ నడుస్తూ గాల్లో ఆగిపోయేవాడు. ప్లేయర్ని తట్టి, డిస్కుని తిప్పి, తుడిచి, ఊది, ఎలాగో ఆ సీను దాకా తెచ్చాం. ముసలాయన బతిమాలతాడు. హీరో మెట్టెక్కుతాడు. ద్వారం దగ్గర తనకి ఎవరూ లేరంటాడు.

"వెనక్కి తిప్పు" అన్నాడు మావయ్య.

తిప్పాను. మళ్ళీ చూశాం.

"ఇంకోసారి. ఆ మాట అయిపోయాక ఆపు."

ఆపాను. నేను తెర మీద ఏం చూడాలో తెలీక చూస్తున్నాను. మావయ్య లేచి టీవీ దగ్గరికెళ్ళి, కళ్ళజోడు పైకెత్తి, హీరో నోటి మూల వేలు పెట్టాడు.

"చూశావా?"

చూశాను. నవ్వు. పెద్దది కాదు, పెదవి ఒక మూల మాత్రం పైకి లేచింది. ముసలాయన తల దించుకుని వెనక్కి తిరిగిన క్షణంలో, వాళ్ళందరూ తనని చూస్తున్నారని తెలిసినవాడి నవ్వు. మొదటి భాగం వచ్చినప్పుడు హాలంతా ఈలల్లో ఉండి ఆ నవ్వు ఎవరం చూడలేదు. ఆ నటుడు మాత్రం దాన్ని మూడో భాగం కోసం అక్కడ దాచి పెట్టుకున్నాడు.

"ఇక్కడే చెడిపోయాడురా" అన్నాడు మావయ్య. "వీడు నీళ్ళు ఇవ్వకపోవడం తప్పు కాదు. కరువులో ఎవరికి ఇచ్చినా ఇంకొకరి గొంతు ఎండుతుంది. కానీ లేదు అనడం వీడికి రుచిగా ఉంది. ఆ రుచి మరిగాక కరువుతో పనేముంది? నదినిండా నీళ్ళున్నా లేదనే అంటాడు. మూడో భాగంలో కొత్తగా ఏమీ జరగలేదు. రీలూ కొయ్యలేదు, మందూ పెట్టలేదు. మనమే ఈలలేసి పెంచాం."

ఆ తర్వాత ఇరవై ఏళ్ళుగా నేను సినిమాల గురించి పత్రికల్లో రాసినవీ, చదివినవీ అన్నీ కలిపినా, మంచివాడి పతనం గురించి ఇంతకంటే ఎక్కువ నాకు తెలియదు. మేం అతుకు కోసం వెతుకుతున్నాం. అతుకే లేని బట్ట అది. అందుకే మాకు నమ్మకం కుదరలేదు, లస్కరుకి కుదిరింది.

ఆయన టీవీ దగ్గర్నుంచి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకుంటూ అడిగాడు.

"ఆ రోజు నువ్వు అక్కడే ఉన్నావు కదా. మీ అమ్మని అలా అన్నాక... నేనూ నవ్వానా?"

నేను జీవితంలో దేన్నయినా పెంచగలను, తగ్గించడం రాదు. ఆ పూట రెండూ చెయ్యాలనిపించలేదు. ఆయన పిడి భుజాన ఎత్తుకోవడం, జనం వైపు తిరగడం, పెద్దాయన నిప్పు అనడం, అప్పుడు ఆయన మొహం, అన్నీ నాకు తెలుసు.

"నవ్వారు మావయ్యా" అన్నాను.

ఆయన తల ఊపాడు. చెప్పులు వేసుకుని, "మోపెడ్ తియ్యి" అన్నాడు.

మేం వెళ్ళేసరికి మా అమ్మ పెరట్లో పళ్ళెం ముందేసుకుని రొయ్యలు వలుస్తోంది. మా ఇద్దర్నీ చూసి, నాతో అంది: "లస్కరు గారికి కుర్చీ వెయ్యి."

మావయ్య కుర్చీ మీద కూర్చోలేదు. పెరటి గుమ్మం మెట్టు మీద కూర్చుని సినిమా కథ చెప్పడం మొదలుపెట్టాడు. క్షమించమని కాదు, బాగున్నావా అని కాదు. కొండల దేశం దగ్గర్నుంచి మొదలెట్టి మూడు భాగాలూ చెప్పాడు. ఆయనకి కథ చెప్పడం రాదు. నది ఎంత వెడల్పో, ద్వారం ఎన్ని అడుగులో, నీరు ఎంత వేగంతో వస్తుందో అన్నీ ఇంజనీరు గారికి రిపోర్టు ఇచ్చినట్టు చెప్పుకుంటూ పోయాడు. యుద్ధం ఒక్క ముక్కలో తేల్చేశాడు. మా అమ్మ తలెత్తలేదు. రొయ్య తర్వాత రొయ్య. మొదటి భాగంలో హీరో మెట్టెక్కి అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె చేతులు ఆగాయి. ఆయన అక్కడ ఆగకుండా ముందుకెళ్ళాడు, మూడో భాగం అయ్యేదాకా చెప్పి, చివరికి అన్నాడు:

"వాడు మొదటిదాంట్లోనే నవ్వాడమ్మా. నేను ఇవాళ చూశాను. నేనూ నవ్వానట. నేను వచ్చింది నీళ్ళు ఇవ్వనందుకు కాదు. ఆ నవ్వుకి."

మా అమ్మ అప్పుడు తలెత్తి చూసింది.

"నీళ్ళు ఇవ్వకపోవడం న్యాయమే" అంది. "వేరేవాళ్ళ వంతు నాకెందుకు? అంతమందిలో నన్ను అడ్డం పెట్టుకుని పేరు తెచ్చుకున్నావు. అది." ఇంకో రొయ్య అందుకుని అడిగింది: "ఇంతకీ ఆ కొండలవాడికి చెల్లెలు ఉందా?"

"లేదు."

"అందుకే అలా తగలడ్డాడు."

ఇదండీ నేను కల్పించింది. ఈ చెల్లెలి మాట. ఇది మా అమ్మ అనలేదు. కథ ఇంత దూరం వచ్చాక చివర్లో ఒక మంచి మాట లేకపోతే ఎలాగని నేను పెట్టాను. మొదట ఒక పెళ్ళిలో చెప్పాను, అందరూ బాగుందన్నారు. తర్వాత ఇంకో పెళ్ళిలో. ఇప్పుడు మా అమ్మే నలుగురిలో, "అందుకే తగలడ్డాడని అన్నాను నేను" అని చెప్పుకుంటోంది. నేను కాదనే స్థితిలో లేను.

నిజంగా జరిగింది ఇంతే. నన్ను అడ్డం పెట్టుకుని పేరు తెచ్చుకున్నావు అన్నాక ఆమె ఇంకేం అనలేదు. మావయ్య ఇక వెళ్తానన్నట్టు మెట్టు మీంచి లేవబోయాడు. మా అమ్మ మోకాలు చాపుకుని, ముందున్న పళ్ళేన్ని చేత్తో ఆయన వైపు తోసింది. వలవాల్సిన రొయ్యలు ఇంకా సగం ఉన్నాయి. మావయ్య చొక్కా చేతులు మడుచుకుని, మళ్ళీ కూర్చున్నాడు.